కోత తీర్మానం

ఆ శనివారం జయపాల్ సార్ వేసుకున్న పథకంలో వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. ఆరున్నరకు ప్రార్థన. ఏడింటికి ఉగ్గాని, రెండు బజ్జీలు. ఏడున్నరకు హనుమేష్ ప్రెస్సు నుంచి పత్రికలు తెచ్చుకోవడం, తొమ్మిదింటికల్లా సంగాపురం బస్టాండులో పంచేయడం, పదకొండింటికి హైవే క్రాస్ రోడ్డు దగ్గరికి ఓ యాభై మందిని వెంటబెట్టుకుని వెళ్లడం. మధ్యాహ్నం భోంచేసి కునుకు తీయడం కూడా అందులో ఉంది. ముప్పై నాలుగేళ్లు మిషన్ హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషి ఆయన. టైంటేబులు రాసుకోకుండా క్షవరానికి కూడా వెళ్లరు.

పత్రిక పేరు 'సభా సమాచారం'. నెలకొకసారి వచ్చే నాలుగు పేజీల కాగితం. సంగాపురం ఎమ్మెల్యే ఏసుమణి తన నియోజకవర్గం జనానికి అసెంబ్లీలో ఏం జరిగిందో, ఊళ్లలో ఏం జరుగుతోందో చెప్పడానికి వేయిస్తుంది. రాసేది జయపాల్ సార్. దిద్దేది జయపాల్ సార్. అందులో తప్పు దొర్లితే తలెత్తుకోలేక చచ్చేది కూడా ఆయనే. మూడు సంచికలు వచ్చాయి, ఇంతవరకు ఒక్క ఒత్తు కూడా తప్పిపోలేదు. వాటిని ఎవరైనా చదివారా అన్నది వేరే సంగతి.

ఏసుమణి ఆయన దగ్గర పదో తరగతి చదువుకున్న పిల్ల. నర్సయి సంగాపురం ప్రభుత్వాసుపత్రిలో పద్నాలుగేళ్లు పనిచేసింది. అక్కడ వేసవి వచ్చిందంటే కరెంటు ఉండదు. జనరేటరు ఉంటుంది గాని అందులో డీజిలు ఉండదు. సెల్‌ఫోన్ వెలుతురులో కాన్పులు చేసి చేసి విసుగెత్తి, ఒకరోజు ఉద్యోగం మానేసి, ఏ పార్టీ జెండా లేకుండా ఎన్నికల్లో నిలబడింది. మూడు వందల పన్నెండు ఓట్ల తేడాతో గెలిచింది. ఆమె జనానికిచ్చిన మాటలు రెండే. ఒకటి, ఊరికి సబ్‌స్టేషన్ తెస్తాను. రెండు, అసెంబ్లీలో నేనేం చేసినా అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద మీ చేతికిస్తాను. మొదటిది ప్రభుత్వం చేతిలో ఉంది. రెండోది తీసుకెళ్లి జయపాల్ సార్ చేతిలో పెట్టింది. రెండింటిలో ఏది ఎక్కువ ప్రమాదమో అప్పటికి ఆమెకు తెలియదు.

ఆ శనివారానికి ఓ ప్రత్యేకత ఉంది. విద్యుత్ శాఖ మంత్రి కర్నూలు నుంచి కడపకు ఎవరిదో పెళ్లికి వెళ్తూ, దారిలో సంగాపురం క్రాస్ దగ్గర పది నిమిషాలు ఆగి, సబ్‌స్టేషన్ కోసం చూపిస్తున్న జాగా చూడటానికి ఒప్పుకున్నారు. ఆ పది నిమిషాల కోసం ఏసుమణి ఐదు నెలలు ఆయన గది బయట బెంచీ మీద కూర్చుంది. ముందురోజు ఫోన్ చేసి సార్‌కు చెప్పింది కూడా: "ఒక యాభై మంది వచ్చి మాకు కావాలని నోరు తెరిచి అడిగితే చాలు సార్. ఈసారి తప్పిపోయిందంటే పక్క నియోజకవర్గానికి ఎత్తుకుపోతారు. ఇంక మా ఆసుపత్రికి దీపం లేదు."

అదీ సంగతి. యాభై మంది కావాలి. జయపాల్ సార్ పుణ్యమా అని వచ్చింది ఆరు వందల మంది.

అసలు చిక్కంతా ఒక్క మాటలో ఉంది. ఆ గురువారం ఏసుమణి శాసనసభలో ఓ తీర్మానం పెట్టింది. ఏదైనా ఒక శాఖ సరిగా పనిచేయడం లేదని చెప్పదలచుకున్న సభ్యులు, ఆ శాఖ అడిగిన సొమ్ములో నామమాత్రంగా ఓ వంద రూపాయలు తగ్గించమంటూ తీర్మానం ఇస్తారు. తగ్గేదీ లేదు, తగ్గాలని ఎవరూ కోరుకునేదీ లేదు. మంత్రిచేత సమాధానం చెప్పించడానికి అదొక పద్ధతి. సంగాపురంలో కరెంటు లేక జనం ఎట్లా చస్తున్నారో చెప్పడానికి ఏసుమణి విద్యుత్ శాఖ మీద ఆ తీర్మానం ఇచ్చి ఎనిమిది నిమిషాలు మాట్లాడింది. సభలో అందరూ దాన్ని కట్ మోషన్ అంటారు. దానికి చక్కటి తెలుగు మాట ఒకటి ఉండగా కట్ మోషన్ అని రాయడానికి జయపాల్ సార్ చేయి ఒప్పుకోలేదు. కోత తీర్మానం అని రాశారు.

ఆయన భార్య జ్ఞానమణి ఆ కాగితం చదివి, గరిటె పట్టుకునే అడిగింది. "ఏమండీ, కోత అంటే మన జనానికి కరెంటు కోతే గదా. అపార్థం చేసుకోరా?"

"అర్థం తెలియనివాళ్లకు అర్థం చెప్పడమే పత్రిక పని," అన్నారు సార్.

"అయితే కింద అర్థం గూడా రాయండి."

"శీర్షిక కింద టీకా తాత్పర్యం రాస్తే అది పత్రిక కాదు, గైడు."

హనుమేష్ ప్రెస్సులో కట్టలు అప్పుడే తాడేసి పెట్టి ఉన్నాయి. పైన కాగితం మీద ఎర్రటి అక్షరాలు దర్జాగా నిలబడ్డాయి: 'విద్యుత్ పద్దుపై మన ఎమ్మెల్యే కోత తీర్మానం'. దాని కింద నల్లగా: 'వంద రూపాయల కోతకు ఏసుమణి పట్టు. సభలో హర్షధ్వానాలు.'

హనుమేష్ తల గోక్కున్నాడు. "సార్, ఇది ఇట్లనే పంచుతారా?"

"ఏం? అక్షరదోషం ఉందా?"

"ల్యా సార్. అచ్చరాలు శానా బాగుండాయి. అచ్చరాల మీద నేనేం అనను."

శిష్యుడి మెప్పుకు సార్ పొంగిపోయి, కట్టలు ఆటోలో వేసుకుని బస్టాండుకు వెళ్లారు.

రామాంజి టీ కొట్టు దగ్గర పొద్దున పూట నలభై మందికి తక్కువ ఉండరు. సార్ తలా ఒక కాగితం ఇచ్చారు. మామూలుగా ఆ కాగితాలు చేతులు తుడుచుకోవడానికో, బజ్జీల నూనె పీల్చడానికో ఉపయోగపడేవి. ఈసారి ఎర్ర అక్షరాలు కంటికి తగిలాయి. రామాంజి ఒక చేత్తో టీ పోస్తూ, రెండో చేత్తో కాగితం పట్టుకుని పైకి చదివాడు. "విద్యుత్... కోత... తీర్మానం. ఇదేందప్పా! మన యమ్మెల్యేనే కరెంటు తీయమని తీర్మానం పెట్టిన్యాదా?"

"కాదు రామాంజీ, అక్కడ పద్దుపై అన్న మాట ఉంది చూడు," అన్నారు సార్.

"పద్దు సంగతి నాకెందుకు సార్. కోత అని రాసుండాది గదా ఈడ."

"ఉంది. కానీ కోత అంటే కోత కాదు."

ఇంతలో తొమ్మిదయింది. మార్చి నెలలో సంగాపురంలో తొమ్మిదింటికి కరెంటు పోవడం కోడి కూసినంత నిక్కచ్చిగా జరిగే పని. టీ కొట్టులో ఫ్యాను ఆగింది. పక్క హోటల్లో గ్రైండరు ఆగింది. బస్సుల పేర్లు చదివే మైకు 'నందికొట్కూరు వెళ్లు' అని ఆగిపోయింది. నలభై మంది ఒకేసారి ముందు ఫ్యాను వంక, తర్వాత కాగితం వంక, ఆ తర్వాత జయపాల్ సార్ వంక చూశారు.

"అబ్బా, ఏమి స్పీడప్పా! తీర్మానం పెట్టిన రెండు దినాలకే అమలు చేస్తిరే," అన్నాడు రామాంజి. "ఆసుపత్రికి దీపం తెస్తానని ఓట్లేయించుకుని, ఉండే దీపం ఆర్పిన్యాది."

"నిన్న కూడా తొమ్మిదికే పోయింది కదయ్యా!"

"నిన్న పోయింది ఊరికే పోయింది సార్. ఈ పొద్దు పోయింది తీర్మానంతో పోయింది."

ముప్పై నాలుగేళ్లలో ఏ విద్యార్థీ సార్‌ను ఇంత గట్టిగా ఇరికించలేదు. మిగిలిన కట్టలు చంకన పెట్టుకుని, అర్థం చేసుకునే మనుషులుండే చోటు వెతుక్కుంటూ సాలెవీధికి నడిచారు. అక్కడ సుబ్బక్క ఉంది. చేనేత మహిళల సంఘానికి పెద్ద, ఏసుమణి కోసం గడపగడపా తిరిగి ఓట్లడిగిన మనిషి. ఆమె చెబితే యాభై మంది లేచి వస్తారు.

అయితే ఆయనకన్నా ముందు ఫోన్లలో కాగితం ఫొటో సాలెవీధికి చేరింది. మోటార్లు బిగించిన మగ్గాలన్నీ ఆగి, వీధి పొడవునా ఆడవాళ్లు అరుగుల మీదికి వచ్చి కూర్చున్నారు. సుబ్బక్క కొంగు నడుముకు చుట్టి ఉంది.

"రండి సారూ. మీకోసరమే చూస్తాండా. ఇది మీరు రాసిందేనా?"

"రాసింది నేనే. కానీ విను సుబ్బక్కా. ఇది కరెంటు తీయమని పెట్టింది కాదు. కరెంటు సరిగా ఇవ్వడం లేదని ప్రభుత్వాన్ని నిలదీయడానికి పెట్టింది."

"నిలదీసేకి కోత పెట్టమంటారా యాడన్నా?"

"అదొక సంప్రదాయం. ఆ తీర్మానం నెగ్గాలని పెట్టరు. ఓడిపోతుందని తెలిసే పెడతారు."

సుబ్బక్క పక్కనున్న శివలీల వైపు తిరిగింది. "ఇంటివా ఈ మాట? ఓడిపోయేదానికి పెడతారంట. మనమేమో గెలిచేదానికి ఓట్లేస్తిమి." మళ్లీ సార్ వైపు తిరిగింది. "సరే. ఈ వంద రూపాయల కోత యాడిది?"

"అది నామమాత్రం. శాఖ అడిగిన వేల కోట్లలోంచి ఓ వంద తగ్గించమని."

"ఎవురి వంద?"

"ఎవరిదీ కాదమ్మా."

"ఎవురిదీ గాని వంద లోకంలో ఉండాదా సారూ? గవుర్మెంటు వంద తగ్గిస్తే అది మా పింఛన్లోనే గదా తగ్గేది."

పింఛన్ అన్న మాట వినబడగానే వీధి చివర అరుగు మీద కునుకుతున్న రామేశ్వరమ్మ లేచి కూర్చుంది. ఎనభై ఏళ్ల ఆ ముసలామె గొంతుకు మైకు అవసరం లేదు. ఐదు నిమిషాల్లో ఏసుమణి కరెంటుతో పాటు ముసలివాళ్ల పింఛన్లలో తలా వంద కోసిందన్న వార్త నాలుగు వీధులు దాటింది. కోతకు పట్టుబట్టిందట, సభలో చప్పట్లు కూడా కొట్టారట. రాసింది చూపిస్తుంటే కాదని ఎట్లా అంటారు?

సుబ్బక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి సార్‌కు నిజంగా భయం వేసింది. "నా కోడలికి నడిజామున నొప్పులొస్తే, సెల్లు నోట్లో కరుచుకుని ఆ వెలుతురులో నా మనవణ్ని బయటికి దీసిన్యాది ఆ తల్లి. అట్లాంటి బిడ్డ ఇట్లా పని చేస్తుందా అని నేను నమ్మలా సారూ. మీ అక్షరాలు చూసినంక నమ్మినా. మీరు తప్పు రాయరని ఊరంతా ఎరుగు."

ఆ పొగడ్త విన్నప్పుడు భూమి చీలితే బాగుండుననిపించింది జయపాల్ సార్‌కు. ముప్పై నాలుగేళ్లు కష్టపడి సంపాదించుకున్న పేరు ఇట్లా అడ్డం తిరుగుతుందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

పదైంది. ఇంకో గంటలో మంత్రి వస్తారు. సార్‌కు ఒక్కటే దారి కనిపించింది. చర్చికి పరుగెత్తి, పాస్టర్ హెన్రీని బతిమాలి, మైకులో ఊరంతటికీ వివరణ చెప్పాలి. పాస్టరయ్య వెంటనే ఒప్పుకున్నాడు. మైకు మాత్రం ఒప్పుకోలేదు. కరెంటు లేదు.

"పెద్దన్న ఆటోకు బ్యాటరీ మైకు ఉంది గద సార్," అని సలహా ఇచ్చాడు పాస్టరయ్య. పెద్దన్న ఆటోలో ఉల్లిగడ్డలు అమ్ముతాడు. అమ్మేటప్పుడు అరవకుండా, ముందే రికార్డు చేసుకున్న గొంతు మైకులో పెట్టి తిరుగుతాడు. సార్ ఆటో ఎక్కి, గొంతు సవరించుకుని, పెద్దన్న ఫోనులో స్పష్టంగా చెప్పారు: "ప్రజలారా, అపోహలు వద్దు. మన ఎమ్మెల్యే ఏసుమణి గారు పెట్టిన కోత తీర్మానం మీ మేలు కోసమే. దీనివల్ల కరెంటు పోదు, పింఛన్లు తగ్గవు." ముప్పై సెకన్లు. ఒక్క మాట ఎక్కువా లేదు, తక్కువా లేదు.

"ఊరంతా తిప్పు పెద్దన్నా. ఆగకుండా మోగాలి," అన్నారు.

పెద్దన్న ఆగకుండానే తిప్పాడు. వేగంగానే తిప్పాడు. గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో పోయే ఆటోలోంచి వచ్చే మాట ఒక వీధికి సగమే చేరుతుంది. ఎర్రగేరి వాళ్లకు 'ఏసుమణి గారు పెట్టిన కోత తీర్మానం మీ మేలు కోసమే' వరకు వినబడింది. దర్గా వీధి వాళ్లకు 'కరెంటు పో', 'పింఛన్లు తగ్గ' అన్న రెండు ముక్కలు వినబడ్డాయి. దానికి తోడు పెద్దన్నకు పాత రికార్డింగు తీసేయడం తెలియలేదు. సార్ గొంతు అయిపోగానే దాని వెనకే ఉల్లిగడ్డల గొంతు అందుకుంది: "వంద రూపాయలకే! వంద రూపాయలకే! త్వరపడండి, మళ్లా దొరకదు!"

పదిన్నరకల్లా ఊళ్లో కొత్త కబురు స్థిరపడింది. ఇంటికి వంద రూపాయలు కట్టినవాళ్లకు కోత ఉండదు, కట్టనివాళ్లకు మీటరు పీకేస్తారు. కొందరు వంద నోట్లు పట్టుకుని మరీ ఎమ్మెల్యే ఆఫీసు ముందు వరుస కట్టారు. తాళం చూసి వాళ్ల కోపం రెట్టింపయింది.

బాబేలు గోపురం దగ్గర దేవుడు భాషలు తారుమారు చేసి మనుషులను చెదరగొట్టాడని బైబిలులో సార్ వందసార్లు చదివారు. ఒకే భాషతో, అందులోనూ ఒకే మాటతో ఆ పని కానివ్వవచ్చునని అక్కడ రాయలేదు. ఆయన చర్చి మెట్ల మీద కూలబడి ఉండగా మద్దయ్య వచ్చాడు. బనగానపల్లె దారిలో అతనికి ఆరెకరాల మామిడి తోట ఉంది. చేతిలో అదే కాగితం.

"సార్, మన ఎమ్మెల్యే కోత పెట్టిందంట గదా. ఎన్నో తేదీ నుంచి?"

"ఏమిటి?"

"కోత సార్. కాయ ఇంకా ముదరలేదు. ఇప్పుడే కోస్తే పుల్లగుంటాది, యాపారస్తుడు తీసుకోడు. ఒక నెల ఆగేకి చెప్పండి ఆయమ్మకు."

జయపాల్ సార్ మద్దయ్య చేతులు రెండూ పట్టుకున్నారు. ఆ ఉదయం నుంచి ఆ మాటకు అమాయకమైన అర్థం చెప్పుకున్న మనిషి అతనొక్కడే. "నీ కాయలు నీ ఇష్టమొచ్చినప్పుడు కోసుకో మద్దయ్యా," అన్నారు.

అప్పుడే ఫోను మోగింది. ఏసుమణి. "సార్, మంత్రిగారి కారు వెనకనే వస్తాండా. ఇంకో ఇరవై నిమిషాలు. యాభై మంది వస్తారు గదా?"

సార్ రోడ్డు వైపు చూశారు. సాలెవీధి, ఎర్రగేరి, దర్గా వీధి, అన్నీ ఒకటై క్రాస్ రోడ్డు వైపు కదులుతున్నాయి. అట్టముక్కల మీద బొగ్గుతో 'కోత వద్దు' అని రాసుకున్నారు. ముందు సుబ్బక్క నడుస్తోంది.

"వస్తారమ్మా," అన్నారు సార్. "కాస్త ఎక్కువే వస్తారు."

"మీరు ఉండగా నాకేం భయం సార్," అని ఆమె ఫోన్ పెట్టేసింది. కొన్ని మాటలు తిట్టుకంటే గట్టిగా తగులుతాయి.

క్రాస్ రోడ్డు దగ్గర కర్నూలు వైపు లారీలు కిలోమీటరు దాకా ఆగిపోయాయి. ఆరు వందల మంది నడిరోడ్డు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. రామాంజి ఎండకు ఓర్చుకోలేనివాళ్లకు టీ అమ్ముతున్నాడు. మంత్రి కారు ఆగింది. వెనక కారులోంచి ఏసుమణి దిగింది. జనాన్ని చూసి ఒక్క క్షణం ఆమె ముఖం వెలిగిపోయింది. ఇంతమంది వస్తారని ఆమె అనుకోలేదు. తర్వాత అట్టముక్కలు చదివింది. ఆ తర్వాత "కోతల ఎమ్మెల్యే, దిగిపో దిగిపో!" అన్న కేక వినబడింది.

ఆమె జయపాల్ సార్ వైపు చూసింది. ఆయన చంకలోని పత్రిక తీసి ఇచ్చారు. పదో తరగతిలో మార్కుల కాగితాలు ఇచ్చేది ఆయన, భయపడేది ఆమె. ఈ రోజు ఇచ్చేదీ ఆయనే, భయపడేదీ ఆయనే. ఆమె ఎర్ర అక్షరాలు చదివి, మడిచి, "సరిగ్గానే ఉండాది సార్," అంది మెల్లగా.

ఇంతలో సుబ్బక్క మంత్రి కారు అద్దం మీద అరచేత్తో దబదబ బాదింది. మంత్రిగారు అద్దం దించారు. ఆమె పత్రిక లోపలికి తోసింది. "అయ్యా, మా ఎమ్మెల్యే మాట ఇనొద్దు. ఆయమ్మ కోత పెట్టమన్నా మాకు వద్దు. మేము గడ్డి తిని బతికేవాళ్లం గాదు."

మంత్రిగారు శీర్షిక చదివారు. కోత తీర్మానం అంటే ఏమిటో రాష్ట్రంలో బాగా తెలిసిన పదిమందిలో ఆయనొకరు; అది తగిలింది ఆయనకే. గురువారం ఎనిమిది నిమిషాల పాటు ఏసుమణి నిండు సభలో ఆయన్ను కడిగిపారేసింది. ఆయన కాగితం రెండోసారి చదివారు. ఉదయం నుంచి మొదటిసారిగా ఆయన ముఖంలో నవ్వు కనిపించింది.

"ఇది మీ పత్రికేనా అమ్మా?" అని ఏసుమణిని అడిగారు.

"మాదేనండి."

"అక్షరం పొల్లు లేదు," అని మెచ్చుకుని, కారు దిగి నేరుగా పెద్దన్న ఆటో ఎక్కి మైకు అందుకున్నారు. "ప్రజలారా! మీ ఎమ్మెల్యే గారు విద్యుత్ శాఖ మీద కోత తీర్మానం పెట్టిన మాట వాస్తవం. శాసనసభ రికార్డుల్లో ఉంది. దాన్ని మా ప్రభుత్వం ఒప్పుకుంటుందా? ఒప్పుకోదు! మీ మీద కోత పడనిస్తానా? పడనివ్వను! కోత అడిగినవాళ్లకు ఇదే నా జవాబు. సంగాపురానికి సబ్‌స్టేషన్ మంజూరు చేస్తున్నాను. ఆరు నెలల్లో! ఇంజనీరు గారూ, రాసుకోండి."

క్రాస్ రోడ్డు దద్దరిల్లింది. ఎవరో ఎక్కడినుంచో పూలదండ తెచ్చారు. రామాంజి ఉచితంగా టీ పోశాడు. అతను పుట్టాక అది మొదటిసారి.

జయపాల్ సార్ ఒళ్లు మండిపోయింది. అన్యాయానికి కాదు, వ్యాకరణానికి. ఆయన రెండడుగులు ముందుకేసి, "అయ్యా మంత్రిగారూ, కోత తీర్మానం అనగా..." అని గొంతెత్తబోయారు. ఏసుమణి ఆయన మణికట్టు పట్టుకుంది. నర్సు పట్టు అది, విడిపించుకోవడం ఎవరి తరమూ కాదు.

"సార్. నోరు తెరవద్దు."

"అబద్ధం ఆడుతున్నాడమ్మా!"

"ఒక్క ముక్క గూడా అబద్ధం గాదు సార్. అదే నా కర్మ. ఆరు వందల మంది ముందర మాటిచ్చినాడు, ఇంక ఎనక్కి తీసుకోలేడు. మీరిప్పుడు అర్థం చెప్పినారంటే, కోపం దిగిపోయి అందరూ ఇంటికి పోతారు. వాళ్లతో పాటే సబ్‌స్టేషన్ గూడా పోతాది."

సార్ నోరు మూసుకున్నారు. నోట్లో ఉన్న నిజాన్ని మింగడం ఆయనకు ఆ వయసులో కొత్తగా నేర్చుకోవాల్సిన పాఠమైంది. జనం మంత్రి కారు వెంట కొంత దూరం పరుగెత్తి తిరిగొచ్చారు. సుబ్బక్క వాళ్లిద్దరి పక్కనుంచే వెళ్లింది. ఏసుమణి "అక్కా" అని పిలిచింది. సుబ్బక్క ఆగలేదు, తల తిప్పలేదు. అంతసేపూ రాయిలా నిలబడ్డ ఏసుమణి అప్పుడు మాత్రం కొంగుతో ముఖం తుడుచుకుంది. ఎండ అనుకోవచ్చు.

సోమవారం సభలో మంత్రి సమాధానం చెప్పారు. సమాధానం అయిపోయాక సభ్యులు తమ తీర్మానాన్ని వెనక్కి తీసుకోవడం ఆనవాయితీ. ఏసుమణి తీసుకుంది. అక్షరం పొల్లుపోకుండా చెబుతానని మాటిచ్చింది కనుక అది కూడా పత్రికలో వేయాల్సిందే. జయపాల్ సార్ మూడు రోజులు ఆలోచించారు. అర్థం వివరిస్తూ పేజీన్నర రాశారు. అది చదివితే మంత్రికి కోపమొచ్చి మంజూరు ఆగుతుందని ఏసుమణి కొట్టేసింది. చివరికి ఏ వివరణా లేకుండా ఒక్క ముక్కే మిగిలింది: 'కోత తీర్మానం ఉపసంహరణ'.

"సూస్తివా?" అన్నాడు రామాంజి టీ కొట్టులో. "మనం రోడ్డెక్కితే జడిసి ఎనక్కి తీసుకున్న్యాది." నియోజకవర్గం చరిత్రలో ఏ ఎమ్మెల్యేనూ జనం ఇంత తొందరగా దారికి తెచ్చింది లేదని అందరూ ఒప్పుకున్నారు. పత్రికకు మాత్రం గిరాకీ పెరిగింది. ఏసుమణి ఇంకేం చేయబోతుందో ముందుగా తెలుసుకోవడానికి హనుమేష్ ప్రెస్సు ముందు జనం కాచుకుని కూర్చునేవాళ్లు. మూడు వేలు చాలక ఐదు వేలు వేశారు. తాను రాసింది జనం ఆఖరి చుక్క దాకా చదవాలని జయపాల్ సార్ జీవితమంతా కోరుకున్నారు. ఆ కోరిక తీరినందుకు ఆయనకు అన్నం సహించలేదు.

జూన్ మొదట్లో ఒక సాయంత్రం ఆయన ఏసుమణి ఆఫీసుకు వెళ్లారు. గదిలో ఆమె ఒక్కతే ఉంది. ఒకప్పుడు అర్జీదారులతో నిండిపోయే బెంచీలు ఖాళీగా ఉన్నాయి. బల్ల మీద సబ్‌స్టేషన్ శంకుస్థాపన ఆహ్వానపత్రం ఉంది. అందులో మంత్రి పేరు, ఇంజనీరు పేరు, చివరికి మైకు సెట్టు వాళ్ల పేరు కూడా ఉంది.

"నీ పేరేదమ్మా?"

"కొత్తగా అచ్చేస్తే చేరుస్తారంట సార్. వేయరులెండి." ఆమె నవ్వబోయి మానుకుంది. "ఆసుపత్రికి విడిగా లైను ఇస్తాండారు. అది మాత్రం నేను దగ్గరుండి రాయించుకున్నా. ఇంక సెల్లు నోట్లో పెట్టుకునే పని ల్యా. మళ్లా ఎలక్షన్లో నాకు ఓటెయ్యరు, ఆ నర్సు పని గూడా మళ్లా ఇయ్యరు. కానీ లైటు ఉంటాది సార్."

సార్ జేబులోంచి మడిచిన కాగితం తీసి బల్ల మీద పెట్టారు. పత్రిక బాధ్యత నుంచి తప్పుకుంటున్నట్టు రాసిన రాజీనామా. ఆయన చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. ఆమె అంతా చదివింది, ఆఖరి సంతకం దాకా చదివి, మళ్లీ మొదట్నుంచి చదివింది.

"నా వల్లే కదమ్మా ఇదంతా," అన్నారు సార్. "ఒక్క మాట. కట్ మోషన్ అని రాసి ఉంటే సరిపోయేది. నా పంతం నీ బతుకు కాల్చింది."

"కట్ మోషన్ అని రాసుంటే ఎవురూ చదివేవాళ్లు గాదు సార్. చదవకుంటే ఎవురూ వచ్చేవాళ్లు గాదు. రాకుంటే ఆయన పది నిమిషాలు జాగా చూసి పెళ్లికి పొయ్యేవాడు." ఆమె కాగితాన్ని జాగ్రత్తగా మడిచి ఆయన జేబులోనే తిరిగి పెట్టింది. "దీన్ని మాత్రం యాడా చూపించొద్దండి. రాజీనామా అన్న మాట బయటికి పొయ్యిందంటే, చేసింది నేననుకుని ఊరంతా టపాకాయలు కాలుస్తారు."

సరిగ్గా అప్పుడే వీధి చివర టపాకాయలు పేలాయి, ఎందుకో కిటికీ తెరిచి అడగడానికి ఇద్దరిలో ఎవరికీ ధైర్యం చాలలేదు.